నిలిచిన ముఖం, చెరిగిన చువ్వలు

జూలై నెల. ఫ్రాన్స్‌లో పొద్దుతిరుగుడు చేల మధ్యగా పోయే ఒక రోడ్డు. టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసు కాసేపట్లో అటుగా వస్తుంది. రోడ్డు వారన ఇద్దరు ఫొటోగ్రాఫర్లు పక్కపక్కనే నిలబడ్డారనుకుందాం. ఒకరు షట్టర్ స్పీడు 1/2000 సెకనుకు పెట్టి, కెమెరాను కదలకుండా పట్టుకున్నారు. రెండోవారు 1/30 దగ్గర పెట్టి, వస్తున్న రేసరుతో పాటే కెమెరాను తిప్పారు. ఇద్దరూ తీసింది ఒకే మనిషిని, ఒకే చోట.

మొదటి బొమ్మలో చక్రం చువ్వలు లెక్కపెట్టుకోవచ్చు. గడ్డం నుంచి జారిన చెమటబొట్టు కూడా గాలిలో ఆగి ఉంటుంది. అన్నీ ఉన్నాయి, వేగం ఒక్కటే లేదు. స్టాండు వేసిన సైకిలెక్కి ఫొటోకు కూర్చున్నట్టుంటాడు రేసరు. రెండో బొమ్మలో ముఖం, జెర్సీ మీది నంబరు నిలిచి ఉంటాయి. చక్రాలు వెండి పళ్లేలైపోతాయి. వెనక పూలచేను పసుపుపచ్చ చారలుగా సాగిపోతుంది. చూస్తుంటే చెవి పక్కన గాలి కోసుకుపోయిన చప్పుడు వినిపించినంత పనవుతుంది.

ఆ చారలను, ఆ పళ్లేలను కెమెరా పొరపాట్లుగా చూడటం చాలామందికి అలవాటు. కానీ షట్టరు తెరిచి ఉన్నంతసేపు ఏది ఎంత దూరం జరిగిందో అవి పూసగుచ్చినట్టు చెబుతాయి. మసకంటే కొలత. దాన్ని చదవడం వస్తే ఒక్క ఫొటోలోంచి బోలెడంత భౌతికశాస్త్రం బయటికి తీయవచ్చు.

గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు 11 మీటర్లు. ఈ మధ్యకాలంలో టూర్ విజేతల సగటు వేగం ఇంచుమించు అంతే ఉంటోంది. ఆ వేగంతో పోయే సైకిలు 1/2000 సెకనులో ఐదున్నర మిల్లీమీటర్లు జరుగుతుంది. అందుకే మొదటి బొమ్మలో అంతా నిక్కచ్చిగా ఉంది. 1/30 సెకనులో 37 సెంటీమీటర్లు, అంటే జానెడున్నర జరుగుతుంది. కెమెరా కదలకుండా ఉంటే ఆ జానెడున్నర పొడవునా మనిషి అలుక్కుపోతాడు. కెమెరా అతనితో సమానంగా తిరిగితే అతను నిలబడతాడు, అలుక్కుపోయే వంతు లోకానికి వస్తుంది. ఈ తిప్పడాన్నే ప్యానింగ్ అంటారు.

ఇందులో ఉన్నది గెలీలియో నాటి సూత్రమే. రైల్లో కూర్చున్నవారికి ఎదుటి బెర్తు నిలిచి ఉంటుంది, కిటికీ అవతలి తాటిచెట్లు పరుగెడతాయి. ప్లాట్‌ఫారం మీది మనిషికి లెక్క తారుమారవుతుంది. ఎవరితో పాటు కదలాలి అన్న ప్రశ్నకు జవాబు చెప్పాకే ఏది నిలుస్తుంది, ఏది చెరుగుతుంది అన్నది తేలుతుంది. ప్యానింగ్ చేసే ఫొటోగ్రాఫరు ఆ జవాబును తన నడుముతో చెబుతాడు.

కెమెరాను తిప్పకుండా, మధ్యరకం షట్టర్ స్పీడుతో, ఉదాహరణకు 1/250 దగ్గర, పక్కనుంచి తీసిన సైకిలు ఫొటోను దగ్గరగా పెట్టుకుని చూడాలి. చక్రం పైభాగంలో చువ్వలు కరిగిపోయి ఉంటాయి. కిందికి వచ్చేకొద్దీ అవి తేటపడతాయి. నేలను తాకే చోట టైరు మీది గీతలు కూడా కనిపిస్తాయి. ఒకే చక్రం, ఒకే క్షణం, రెండు రకాల స్పష్టత!

జారకుండా దొర్లే చక్రంలో, నేలను తాకుతున్న బిందువు ఆ క్షణానికి కదలదు. కదిలితే టైరు రోడ్డు మీద రాసుకుంటూ పోతుంది. ఇరుసు సైకిలు వేగంతో పోతుంది. చక్రం నడినెత్తి దానికి రెట్టింపు వేగంతో పోతుంది. గంటకు 40 కిలోమీటర్లతో వెళ్లే రేసరు టైరు పైఅంచు 80తో దూసుకుపోతోందన్నమాట. 1/250 సెకనులో ఇరుసు నాలుగున్నర సెంటీమీటర్లు జరిగితే, పైఅంచు తొమ్మిది సెంటీమీటర్లు జరుగుతుంది, అడుగు ఇంచుమించు ఉన్నచోటే ఉంటుంది. పాఠ్యపుస్తకంలో పేజీన్నర సమీకరణాలతో చెప్పే సంగతిని ఒక మామూలు ఫొటో ఒక్క చూపులో చూపిస్తుంది.

ఇప్పుడు కెమెరా తిరగడం మొదలెడితే ఈ బొమ్మ మొత్తం మారిపోతుంది. ఇరుసు నిలబడుతుంది. చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతున్నట్టు నమోదవుతుంది. పైనా కిందా ఒకే మసక. రోడ్డు రేసు సైకిలు చక్రం చుట్టుకొలత టైరుతో కలిపి సుమారు 2.1 మీటర్లు. 40 కిలోమీటర్ల వేగానికి అది సెకనుకు ఐదుసార్లకు పైగా, అంటే 1,900 డిగ్రీలు తిరుగుతుంది. చక్రానికి 20 చువ్వలుంటే ఒక్కోదానికీ మధ్య ఎడం 18 డిగ్రీలు. షట్టరు 1/125 దగ్గర ఉంటే ప్రతి చువ్వా 15 డిగ్రీలు ఊడుస్తుంది. పక్క చువ్వ జాడను అంటీ అంటకుండా ఆగుతుంది. 1/100 దాటి నెమ్మదిస్తే జాడలు కలిసిపోతాయి. 1/30 దగ్గర ఒక్కో చువ్వ 63 డిగ్రీలు తిరిగి, మూడు పక్క చువ్వల చోటును కూడా తుడిచేస్తుంది. వెండి పళ్లెం తయారవుతుంది.

పాదాల కథ వేరు. రేసర్లు నిమిషానికి సుమారు 90 సార్లు పెడల్ తిప్పుతారు. పెడల్ క్రాంకు పొడవు 17 సెంటీమీటర్ల పైచిలుకు. లెక్క వేస్తే పాదం, సైకిలుతో పోల్చినప్పుడు, సెకనుకు 1.6 మీటర్ల వేగంతో చుట్టు తిరుగుతోంది. 1/30 సెకనులో అది ఐదు సెంటీమీటర్లు. కాబట్టి కెమెరా ఎంత కచ్చితంగా తిరిగినా బూటు మసకబారి తీరుతుంది. మోకాలు కొంత, తొడ ఇంకా కొంచెం తక్కువ. నడుము నుంచి పైకి, హ్యాండిల్ మీదికి వంగి దాదాపు కదలని తల దాకా స్పష్టత మెట్లు మెట్లుగా పెరుగుతూ పోతుంది. మంచి ప్యానింగ్ ఫొటోలో కళ్లు తళుక్కుమంటూ, కాళ్లు పొగలా ఉండటానికి కారణం ఇదే. అందులో కదలిక ఒకటి కాదు, కనీసం మూడు: లోకానిది, చక్రానిది, కాళ్లది.

చేతిలో కెమెరా ఉన్నవాళ్లు మొదట తడబడేది మాత్రం ఇంకో చోట. రేసరు సమవేగంతో వస్తున్నా కెమెరాను సమవేగంతో తిప్పితే కుదరదు. దూరాన ఉన్నప్పుడు అతను ఉన్నచోటే పెద్దవుతున్నట్టుంటాడు. దగ్గరికొచ్చేసరికి ఒక్కసారిగా మీదపడి దాటిపోతాడు. పది మీటర్ల దూరంలో నిలబడ్డవారి ముందునుంచి 40 కిలోమీటర్ల వేగంతో సైకిలు పోతుంటే, అది సరిగ్గా ఎదురుగా ఉన్న క్షణాన కెమెరా సెకనుకు 64 డిగ్రీల చొప్పున తిరగాలి. ఐదు మీటర్ల దగ్గర నిలబడితే 127 డిగ్రీలు. ఇరవై మీటర్లకు వెనక్కి జరిగితే 32 చాలు. అదే సైకిలు ఇంకా 45 డిగ్రీల అవతల ఉన్నప్పుడు ఇందులో సగం వేగమే కావాలి. అంటే కెమెరా తిరుగుడు వేగం పుంజుకుంటూ వచ్చి, ఎదురుగా శిఖరానికి చేరి, మళ్లీ తగ్గాలి.

ఉయ్యాల ఇందుకు చక్కని పోలిక. ఉయ్యాల అన్నిటికన్నా వేగంగా ఊగేది అడుగుకు వచ్చినప్పుడు. కానీ సరిగ్గా ఆ చోటే దాని వేగం పెరగదు, తగ్గదు. ప్యానింగ్‌లోనూ అంతే. తిరుగుడు వేగం అన్నిటికన్నా జోరుగా మారేది ఎదురుగా రావడానికి 30 డిగ్రీల ముందు, దాటాక 30 డిగ్రీల తర్వాత. సరిగ్గా ఎదురుగా ఉన్న ఆ కొద్ది క్షణం మాత్రం వేగం గరిష్ఠం, మార్పు సున్నా. చెయ్యి అందుకున్న లయ అక్కడ చెడదు. అనుభవజ్ఞులు సైకిలు తమకు సూటిగా ఎదురుపడ్డప్పుడే నొక్కడం వెనక ఉన్న కారణం ఇది. వాళ్లకు సమీకరణం తెలియనక్కర్లేదు, నడుముకు తెలుసు.

అందుకే పాదాలను సైకిలు వచ్చే వైపు కాకుండా, ఫొటో తీయదలచిన చోటికి ఎదురుగా పాతుకోవాలి. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, నడుమును మాత్రం వెనక్కి మెలితిప్పి, దూరంలో ఉండగానే రేసరును వ్యూఫైండర్లో అందుకోవాలి. అతను దగ్గరవుతుంటే మెలిక విడిపోతూ వస్తుంది. శరీరం సహజంగా నిలబడే స్థితికి వచ్చేసరికి అతను ఎదురుగా ఉంటాడు. బటన్ నొక్కాక కెమెరా ఆగకూడదు. బంతి బ్యాటుకు తగిలాక కూడా బ్యాట్స్‌మన్ చేతులు ఎలా సాగుతాయో అలా సాగాలి. ఆపాలన్న ఆలోచన వచ్చిందంటే చెయ్యి అప్పటికే నెమ్మదించడం మొదలుపెట్టినట్టు. పదుల కొద్దీ తీస్తే ఒకటో రెండో నిలుస్తాయి, అందులో చిన్నతనమేమీ లేదు.

దగ్గరగా నిలబడటంలో ఒక చిక్కుంది. సైకిలు పొడవు సుమారు 1.7 మీటర్లు. దాని మధ్యభాగం సరిగ్గా ఎదురుగా ఉన్నప్పుడు ముందు చక్రం కొంత దాటిపోయి, వెనక చక్రం ఇంకా రాకుండా ఉంటాయి. కాబట్టి వాటి కోణీయ వేగం కాస్త తక్కువ. ఫొటోగ్రాఫరు ఐదు మీటర్ల దూరంలో ఉంటే, 1/30 సెకనుకు ఆ తేడా సైకిలు కొనల దగ్గర ఒక సెంటీమీటరు మసకగా తేలుతుంది. పదిహేను మీటర్లకు జరిగితే అది ఒక మిల్లీమీటరు చిల్లరకు తగ్గిపోతుంది. ముఖం నుంచి టైరు దాకా అంతా స్పష్టంగా రావాలంటే దూరం జరిగి టెలిఫొటో లెన్సు వాడతారు. ముఖం ఒక్కటే దీపంలా వెలిగి మిగతాదంతా కరగాలంటే రోడ్డంచుకు వచ్చి వైడ్ లెన్సు పెడతారు. అలా వచ్చేవాళ్లు ఒకటి మరవకూడదు: వ్యూఫైండరుకు ఒక కన్ను అప్పగించాక, అవతలి వైపునుంచి వచ్చే గుంపు కనిపించదు. రోడ్డు మీదికి ఒక్క అడుగు కూడా వేయకూడదు.

కొండల మీద లెక్క మారుతుంది. ఆల్ప్ ద్యూయెజ్ ఎక్కుడు దారి పొడవు 13.8 కిలోమీటర్లు, మలుపులు 21. అక్కడ వేగం గంటకు 20 కిలోమీటర్లకు పడిపోయిందనుకుంటే, అదే జానెడున్నర జాడ కావాలంటే షట్టరును 1/15 దాకా నెమ్మదింపజేయాలి. పైగా ఎక్కేటప్పుడు రేసరు సీటు మీంచి లేచి సైకిలును అటూ ఇటూ ఊపుతాడు, తల కూడా ఊగుతుంది. వేగం సగమైనా పని రెట్టింపు కష్టం. పారిస్-రూబే రేసులో కష్టం ఇంకో దిక్కునుంచి వస్తుంది. 1896 నుంచి జరుగుతున్న ఆ రేసులో రాళ్లు పరిచిన పాత దారులున్నాయి. వాటిమీద సైకిలు ముందుకు పోతూనే పైకీ కిందికీ ఎగురుతుంది. కెమెరా అడ్డంగా ఎంత బాగా తిరిగినా, ఆ ఎగురుడును అందుకోలేదు.

ఫొటోగ్రాఫరు చేతి వణుకును మాత్రం లెన్సు కొంత సవరించగలదు. కెనన్ 1995లో 75-300 జూమ్ లెన్సులో పెట్టిన స్టెబిలైజేషన్ ఇప్పుడు అన్ని కంపెనీల దగ్గరా ఉంది. లోపలి గైరో సెన్సర్లు కదలికను పసిగట్టగానే కొన్ని అద్దాలు ఎదురు దిక్కుకు జరుగుతాయి. అయితే ప్యానింగ్‌ను కూడా అది వణుకే అనుకుంటే ఫొటోగ్రాఫరుతో పెనుగులాటకు దిగుతుంది. అందుకే చాలా లెన్సుల్లో అడ్డపు కదలికను వదిలేసి, నిలువు వణుకును మాత్రమే సరిచేసే మరో పద్ధతి ఉంటుంది.

ఇక ఎండ. నిండు ఎండలో సెన్సరు సున్నితత్వం (ఐఎస్ఓ) 100 పెట్టి, కాంతి వచ్చే రంధ్రం (ఎపర్చరు) ఎఫ్/16కు మూస్తే, సరైన వెలుగుకు షట్టరు 1/100 దగ్గర ఉండాలి. 1/30కి రావాలంటే ఇంకా మూయాలి. ఎఫ్/22 దాటితే రంధ్రం మరీ చిన్నదై, కాంతి దాని అంచుల దగ్గర వంగి బొమ్మంతా మెత్తబడుతుంది. సెన్సరు మీది దుమ్ము మచ్చలు కూడా బయటపడతాయి. దానికి మందు ఎన్‌డీ ఫిల్టరు, లెన్సుకు పెట్టే నల్లద్దాలు. ఎనిమిదో వంతు వెలుగును మాత్రమే పంపే ఎన్‌డీ8 పెట్టుకుంటే, మిట్టమధ్యాహ్నం కూడా ఎఫ్/11 దగ్గర 1/25 దొరుకుతుంది.

టూర్ ఫొటోలు కొన్నిటిలో విచిత్రం ఒకటి గమనించవచ్చు. రోడ్డు పక్క గోడ చారలై పారిపోతుంది, కానీ వెనకాల ఆల్ప్స్ కొండలు, వాటి మీది మంచు స్పష్టంగా ఉంటాయి. మరికొన్నిటిలో గోడా కొండా కూడా ఒకే తీరున సాగిపోయి ఉంటాయి. ఆ ఒక్క తేడా చూసి, ఫొటోగ్రాఫరు ఎక్కడున్నాడో చెప్పేయవచ్చు.

రెండో రకంలో అతను రోడ్డు పక్కన నిలబడి కెమెరాను తిప్పాడు. కెమెరా తిరిగిందే తప్ప జరగలేదు. తిరిగే కెమెరాకు ఇరవై మీటర్ల దూరంలోని చెట్టూ, ఇరవై కిలోమీటర్ల దూరంలోని కొండా ఒకే కోణం దాటుతాయి. రెండింటికీ ఒకే పొడవు చారలు. మొదటి రకంలో అతను మోటారుసైకిలు వెనక సీటులో కూర్చుని, రేసరుతో సమంగా పోతూ తీశాడు. అక్కడ కెమెరా తిరగలేదు, జరిగింది. దగ్గరి వస్తువు వేగంగా వెనక్కి పోతుంది, దూరపుది నింపాదిగా. బస్సు కిటికీలోంచి చూస్తే చెట్లన్నీ వెనక్కి పరుగెడుతుంటే చందమామ మాత్రం మనతోనే వస్తున్నాడని పిల్లలు మురిసిపోతారే, అదే లెక్క. చంద్రుడి దూరానికి బస్సు జరిగిన దూరం ఏ మూలకూ రాదు.

సైకిల్ పందేల కోసం కట్టిన గుండ్రని ట్రాక్, అంటే వెలోడ్రోమ్‌లో ఫొటోగ్రాఫరుకు ఇంకో వరం ఉంది. వంపుకు లోపల, దాని కేంద్రం దగ్గర నిలబడితే రేసరు ఎంతసేపు తిరిగినా దూరం మారదు. కాబట్టి కెమెరా ఒకే వేగంతో తిరిగితే చాలు. 2022 అక్టోబరు 8న స్విట్జర్లాండ్‌లోని గ్రెంకెన్ వెలోడ్రోమ్‌లో ఇటలీకి చెందిన ఫిలిప్పో గన్నా ఒక గంటలో 56.792 కిలోమీటర్లు తొక్కి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. వంపు వ్యాసార్ధం 20 మీటర్లనుకుంటే, అతని వేగానికి కెమెరా సెకనుకు 45 డిగ్రీలు తిరగాలి. ఒక్కో వంపులో నాలుగు సెకన్ల పాటు పెంచనక్కర్లేదు, తగ్గించనక్కర్లేదు. చెయ్యి కుదరాలంటే ఇంతకన్నా మంచి బడి దొరకదు. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనూ వెలోడ్రోమ్ ఉంది. నగరం అంచున అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ దారి కూడా ఉంది. దానిపైన సోలార్ పలకల కప్పు కాబట్టి కొంత నీడా దొరుకుతుంది.

అసలు ఈ చారలను చూసి మనకు వేగం ఎందుకు తోస్తుంది? దీపావళి రాత్రి కాకరపువ్వొత్తితో గాలిలో తమ పేరు రాసే పిల్లలకు సమాధానం సగం తెలుసు. కంటికి కూడా ఒకరకమైన షట్టరు సమయం ఉంది. వెలుగు తాకిన ముద్ర వెంటనే చెరిగిపోదు, సెకనులో చిన్న భాగం పాటు నిలుస్తుంది. కొరివిని గిరగిరా తిప్పితే నిప్పుల చక్రం కనిపించడాన్ని మన పెద్దలు అలాతచక్రం అన్నారు. మాండూక్య కారికల్లో గౌడపాదుడు ఒక ప్రకరణానికి అలాతశాంతి అనే పేరే పెట్టాడు. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో దృష్టిశాస్త్ర పరిశోధకుడైన విల్సన్ గైస్లర్ 1999లో ‘నేచర్’ పత్రికలో ఇంకో అడుగు ముందుకేశాడు. వేగంగా పోయే వస్తువు కంటిలో వదిలే చారను మెదడు, అది ఏ దిశలో పోతోందో తేల్చుకోవడానికి వాడుకుంటుందని చూపాడు. ఫొటోలోని చార ఆ పాత దారినే తడుతుంది.

కదలిక బొమ్మను వంచేయడం కూడా ఉంది. ఫ్రెంచి ఫొటోగ్రాఫరు జాక్-ఆన్రీ లార్తిగ్ ఇరవై ఏళ్లు నిండకముందే, 1912-13 నాటి గ్రాండ్ ప్రి కారు పందెంలో తీసిన బొమ్మ ఇందుకు పెట్టింది పేరు. అందులో కారు చక్రం కోడిగుడ్డులా ముందుకు వాలి ఉంటుంది, రోడ్డు పక్క జనం వెనక్కి వాలి ఉంటారు. అతని కెమెరా షట్టరు ఒక సన్నని చీలిక. అది గాజుపలక మీదుగా నిలువునా జరుగుతూ బొమ్మను కొంచెం కొంచెంగా నింపింది. చక్రం అడుగు నమోదై నడినెత్తి నమోదయ్యేలోపు కారు ముందుకు పోయింది. అతను కెమెరాను తిప్పుతూనే ఉన్నాడు, కానీ కారంత వేగంగా కాదు. అందుకే కారు ఒక దిక్కుకు, లోకం ఇంకో దిక్కుకు వాలాయి. ఇప్పటి చాలా కెమెరాల్లో చప్పుడు చేయని ఎలక్ట్రానిక్ షట్టరు కూడా బొమ్మను వరుస వరుసగా చదువుతుంది. దాన్ని పెట్టుకుని జోరుగా ప్యానింగ్ చేస్తే కరెంటు స్తంభాలు లార్తిగ్ జనంలాగే వాలిపోతాయి. సైకిల్ రేసుకు వెళ్లేటప్పుడు మెకానికల్ షట్టరుకు మార్చుకోవడం మేలు.

చీకటి పడ్డాక ఫ్లాష్ తోడవుతుంది. టూర్ ముగిసిన వెంటనే బెల్జియం, నెదర్లాండ్స్ ఊళ్లలో వీధుల చుట్టూ తిరిగే క్రైటీరియం రేసులు పెడతారు, కొన్ని సాయంత్రాలే. షట్టరు 1/20 సెకను తెరిచి ఉంచి, ఫ్లాష్‌ను ఆ సమయం మొదట్లో వెలిగిస్తే, రేసరు బొమ్మ ముందు గడ్డకట్టి, వీధిదీపాల వెలుగులో అతని జాడ ముందుకు సాగుతుంది. చూసేవాళ్లకు అతను వెనక్కి పోతున్నట్టుంటుంది. షట్టరు మూసుకునే ముందు వెలిగిస్తే జాడ వెనకే ఉండిపోతుంది. దీన్ని రేర్ కర్టెన్ సింక్ అంటారు. రేసరు కళ్లలోకి మాత్రం ఫ్లాష్ కొట్టకూడదు, మలుపులో అది ప్రాణం మీదికి తెస్తుంది.

వీటన్నిటినీ తలకిందులు చేసిన కెమెరా ఒకటి పెద్ద రేసుల్లో గమ్యం దగ్గర ఉంటుంది. 2017 జూలై 7న టూర్ ఏడో అంచె నుయీ సాన్ జార్జ్ అనే ఊళ్లో ముగిసింది. జర్మనీకి చెందిన మార్సెల్ కిటెల్, నార్వేకు చెందిన ఎడ్వాల్డ్ బోసన్ హాగెన్ ఒకేసారి గీత దాటారు. కంటితో తేల్చడం ఎవరి తరమూ కాలేదు. కిటెల్ గెలిచింది 6 మిల్లీమీటర్ల తేడాతో. కాలంలో చెప్పాలంటే 0.0003 సెకను. గంటకు 70 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిలు 1/1000 సెకనులో 19 మిల్లీమీటర్లు జరుగుతుంది. మామూలు కెమెరా 1/1000 దగ్గర తీసిన బొమ్మలో మసకే గెలుపు తేడాకు మూడింతలుంటుంది.

ఫొటోఫినిష్ కెమెరా గమ్యపు గీతను తప్ప దేన్నీ చూడదు. సన్నని చీలికలోంచి ఆ ఒక్క గీతనే చూస్తూ, సెకనుకు 10,000 దాకా నిలువు పట్టీలు తీసి పక్కపక్కన పేరుస్తుంది. ఫిల్ము కాలంలో చీలిక వెనక ఫిల్ము, సైకిలు బొమ్మ పోయే వేగంతోనే జరిగేది. ప్యానింగ్‌లో కెమెరా తిరిగితే, ఇక్కడ ఫిల్ము నడిచింది. ఈ బొమ్మలో ఎడమనుంచి కుడికి ఉన్నది దూరం కాదు, కాలం. నెమ్మదిగా దాటినవాడు సాగిపోయి కనిపిస్తాడు, వేగంగా దాటినవాడు కుదించుకుపోతాడు. చువ్వలు విల్లులా వంగుతాయి. కదలనిదేదైనా, వెనకాల ఉన్న రోడ్డుతో సహా, ఒకే రంగు పట్టీగా పరుచుకుంటుంది. సెకనుకు 10,000 పట్టీలు తీసే కెమెరా అయితే, కిటెల్ ముందు టైరు అంచుకూ బోసన్ హాగెన్ ముందు టైరు అంచుకూ మధ్య పట్టేది మూడంటే మూడు పట్టీలు.